ముప్పై ఒకటో నంబరు పోర్టర్

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. సాయంత్రం ఐదింటికి ఆర్లీన్ కివెలా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా చేతులకి బేడీలు వేయించుకోవాలి. ఆ మాట చెప్పడానికే షెరీఫ్ ఆఫీసు డిటెక్టివ్ కర్టిస్ నైగార్డ్ ఆవిడ ఇంటి నేలమాళిగలోకి దిగాడు. అప్పటికే నేను అక్కడ మోకాళ్ళ మీద కూచుని సీసాలు లెక్కపెడుతున్నాను.

"ఒడెట్ లారోక్ గారా?" అన్నాడు నన్ను చూసి. "రిటైరయ్యారనుకున్నానే."

"రిటైరవలేదు నాయనా. మీ వాళ్ళు పంపించేశారు. రెండూ ఒకటి కాదు."

వీడికి వేలిముద్రలు తియ్యడం నేర్పింది నేనే. ఇప్పుడు నా పాత కుర్చీలో వాడు కూచున్నాడు, నేను నెలకో కేసు దొరికితే గొప్ప అనుకుంటూ ప్రైవేటు డిటెక్టివ్‌గా తిరుగుతున్నాను. కడుపుమంట లేదంటే అబద్ధమే.

కర్టిస్ కాగితాన్ని ఆర్లీన్ ముందు పెట్టాడు. "పొరపాటున కలిసిందని ఒప్పుకుంటే జైలు ఉండదు. లేదంటే హత్యాయత్నం కేసు. అరవై ఆరేళ్ళ వయసులో ఎందుకమ్మా ఈ పంతం?"

ఆర్లీన్ కాగితం వంక చూడను కూడా చూడలేదు. "ఇటు చూడు బాబూ. ఒకటో క్లాసు నించి ఎనిమిదో క్లాసు దాకా నిన్ను నా స్కూలు బస్సులో మోశాను. ఒక్కసారైనా నీతో అబద్ధమాడానా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు ఆడమంటున్నావు?"

వాడు కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. వాడి కేసు గట్టిగానే ఉంది. పోయిన శనివారం మా సరస్సు ఒడ్డు ఊళ్ళ ఇంటి బీరు సంఘం ఏటేటా పెట్టే నల్ల బీర్ల పోటీ జరిగింది. ఇద్దరు జడ్జీల్లో స్టాన్ బ్రోజెక్ ఒకడు. ఎవరి బీరో తెలియకుండా అన్నీ గోధుమరంగు సీసాల్లోనే ఇవ్వాలి, మూతలకి నల్ల రంగు పూయాలి, నంబరు చీటీని రబ్బరు బ్యాండుతో సీసాకి తగిలించాలి. మనిషికి రెండేసి సీసాలు. ఆర్లీన్ చేసింది పోర్టర్ అనే రకం నల్ల బీరు, దాని నంబరు ముప్పై ఒకటి. పోటీ అయ్యాక మిగిలిన ముప్పై ఒకటో నంబరు సీసాని స్టాన్ ఇంటికి పట్టుకెళ్ళి, ఆదివారం రాత్రి భోజనంతో తాగాడు. సోమవారం మధ్యాహ్నానికి ఆసుపత్రిలో పడ్డాడు. రక్తంలో కారు రేడియేటర్లో పోసే యాంటీఫ్రీజ్ కనిపించింది. కిడ్నీలు ఆగిపోయాయి, ఇంకా కళ్ళు తెరవలేదు. పోయినేడు ఇదే స్టాన్ "డబ్బా బీరు" అని తక్కువ మార్కులేస్తే ఆర్లీన్ అందరి ముందూ కడిగేసింది. దానికి తోడు ఆవిడ గ్యారేజీలో యాంటీఫ్రీజ్ డబ్బా దొరికింది.

"ఈ కౌంటీలో యాంటీఫ్రీజ్ లేని గ్యారేజీ ఒక్కటి చూపించు," అన్నాను. "నీ ఇంట్లో లేదూ?"

"ఉంది. నేను దాన్ని బీరులో పొయ్యలేదు."

"పోటీలో మొదటి సీసా రుచి చూసిన రెండో జడ్జి శుభ్రంగా తిరుగుతున్నాడే?"

"ఆయన చప్పరించింది రెండు గుక్కలు. స్టాన్ తాగింది నిండు సీసా. డాక్టర్ని అడిగాను, నాకూ కాస్త పని తెలుసు ఒడెట్ గారూ."

తెలుసు, కాదనను. నేర్పింది నేనే కదా.

"ఆర్లీన్, నువ్వు ఈ పోర్టర్ ఎలా చేస్తావో మొదటినించీ చెప్పు," అన్నాను. "కర్టిస్ కూడా వింటాడు. వినకపోతే బస్సు దించేద్దాం."

ఆర్లీన్ బల్ల మీది అట్టపెట్టె తెరిచింది. "ఇదీ ఇంట్లో బీరు చేసుకునే కిట్. డబ్బాలో మాల్ట్ పాకం, అంటే మొలకెత్తిన బార్లీ పాకం, ఉంటుంది. వేడినీళ్ళలో కలిపి, చేదు కోసం ఈ హాప్స్ పూల గుళికలు వేసి గంట మరిగిస్తా. చల్లార్చి మూతున్న బకెట్లో పోసి ఈస్ట్ చల్లుతా. ఈ గదిలో రెండు వారాలు పులుస్తుంది. తరవాత సీసాల్లో పోసి, ఒక్కో దానికి చెంచాడు చక్కెర వేసి మూత బిగిస్తా. ఇంకో మూడు వారాలు ముట్టుకోను."

"అంతేనా? కిట్‌లో ఇచ్చిందే చేస్తావా?"

ఆవిడ నా వంక చూసింది, కర్టిస్ వంక చూసింది, ఏదో తేల్చుకున్నట్టు లేచి మూలనున్న ఫ్రీజరు తెరిచింది. ఒక సంచీ తీసింది. నిండా స్ప్రూస్ చెట్టు లేత చిగుళ్ళు. "జూన్‌లో మా ఇంటి వెనక కోస్తాను. మరిగేటప్పుడు గుప్పెడు వేస్తా. నాలుగు చెంచాల నల్లబెల్లం పాకం కూడా. మా అమ్మమ్మ ఇంట్లో పద్ధతి అది."

"ఈ సంగతి సంఘంలో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. కిట్ అనగానే మూతి వంకర తిప్పేవాళ్ళకి నా గుట్టు ఎందుకు చెప్పాలి? గింజలు ఇంట్లో మర ఆడించి, పదివేల డాలర్ల స్టీలు సామాను పెట్టుకుంటేనే బీరట. నాది పన్నెండు డాలర్ల బకెట్. తాగి చూసి మాట్లాడమను."

ఒక సీసా తీసి దీపం ముందు పట్టుకున్నాను. లోపల చిక్కటి డికాషన్ రంగు. అడుగున గోరు మందాన బూడిదరంగు మడ్డి పేరుకుంది. ఇంకోటి తీశాను, మడ్డి ఉంది. పదహారు సీసాలు చూశాను, పదహారింటిలోనూ ఉంది.

"ఇదేంటి?"

"ఈస్ట్. మూత పెట్టాక చక్కెర తిని బీరుకి పొంగు తెస్తుంది, పని అయ్యాక అడుక్కి దిగి పడుకుంటుంది. సీసాలో పొంగే బీరుకి మడ్డి తప్పదు."

మూతల మీద కూడా వేలు పెట్టి తడిమాను. ప్రతి మూత నడుమా చిన్న గుంట తగిలింది. 

"కర్టిస్, స్టాన్ వంటింట్లో తీసిన ఫోటోలు నీ ఫోనులో ఉంటాయి. చూపించు."

"మీకు చూపించాల్సిన పని నాకు లేదు."

"లేదు. భయం ఉందేమో అనుకున్నా."

మొహం ఎర్రబడింది గానీ ఫోను తీశాడు. రెచ్చగొడితే ఆగలేని వీడి బలహీనత నాకు ఎప్పణ్ణించో తెలుసు. ఖాళీ సీసా కిటికీ గట్టు మీద ఉంది, ఎండ సీసాలోంచి నేరుగా పోతోంది. అడుగు అద్దంలా ఉంది, మడ్డి మచ్చ కూడా లేదు. పక్కన నల్ల రంగు మూత. దాన్ని పెద్దది చేసి చూశాను. వంకర పోయింది గానీ నడిమి భాగం చదునుగా ఉంది.

"కడిగుంటాడు," అన్నాడు కర్టిస్.

"భోజనం చేసిన కంచం అలాగే వదిలేసి, సీసా మాత్రం కడిగాడా? సరే, మూత సంగతేంటి? గుంటేదీ?"

"మిషను సరిగ్గా పడకపోతే గుంట పడదేమో."

ఆర్లీన్ ఖాళీ సీసాలు నాలుగు బల్ల మీద నిలబెట్టింది, రెండు చేతుల పిడులున్న తన పాత మిషనుతో వరసగా మూతలు బిగించింది. నాలుగింటికీ నడిమధ్య గుంట పడింది. ఐదోది గట్టిగా నొక్కకుండా బిగించింది. దానిక్కూడా పడింది.

"మూత మీద గుంట కోర్టులో నిలబడదు," అన్నాడు కర్టిస్ మెట్లెక్కుతూ. "ఐదింటికి."

"ఐదింటికి నేను మాజీ సైనికుల వెటరన్స్ హాల్లో ఉంటా," అంది ఆర్లీన్ వెనకనించి. "పన్నెండేళ్ళుగా అక్కడ శుక్రవారం విందుకి చేపలు వేయించేది నేనే. ఇవాళ దాక్కుంటే తప్పు ఒప్పుకున్నట్టే. అరెస్టు చేసుకోవాలంటే అక్కడికి రా, చివరి వాయి తీశాక వస్తాను నీతో."

  ఆ క్షణాన ఈవిడ కోసం ఎవరితోనైనా పోట్లాడొచ్చు అనిపించింది.

రెండూ యాభైకి నా కారులో కూచుని సంఘం కార్యదర్శి దగ్గర పొద్దున అడిగి తెచ్చుకున్న మార్కుల కాగితాలు విప్పాను. పొద్దున చదివితే ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడు రెండు నంబర్ల దగ్గర ఆగిపోయాను.

ముప్పై ఒకటో నంబరుకి స్టాన్ ఇలా రాశాడు: "పలచన. తీపి ఎక్కువ, మాల్ట్ తీపి కాదు, మరేదో. నురుగు నిలవలేదు. ఇంత తక్కువ మార్కులు వేసేముందు ఇంకోసారి చూడాలి. సీసా ఇంటికి పట్టుకెళ్తున్నా." పాపం, ఆ మనిషి ఎవరికో అన్యాయం చేస్తానేమోనని భయపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

మొదటి బహుమతి వచ్చిన పన్నెండో నంబరుకి: "నల్లబెల్లం. చివర్లో లేత స్ప్రూస్ వాసన. ఇరవై ఏళ్ళలో ఇంత మంచి పోర్టర్ తాగలేదు."

పన్నెండో నంబరు డ్వేన్ హాల్వర్సన్‌ది. సంఘం అధ్యక్షుడు, మూడేళ్ళుగా వరస విజేత. కిట్ బీరుని పోటీలోకి రానివ్వకూడదని గొడవ చేసింది ఈయనే. పోటీ ముందురోజు రాత్రి అన్ని సీసాలూ ఉన్నది ఈయన గ్యారేజీ ఫ్రిజ్‌లోనే.

నాలుగూ పదికి ఆ గ్యారేజీలో ఉన్నాను. స్టీలు పీపాలు, గొట్టాలు, మీటర్లు, ఒక్క వేలిముద్ర కూడా కనపడకుండా తుడిచి పెట్టాడు. డ్వేన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ పోర్టర్‌లో ఏమేం వేస్తారు డ్వేన్ గారూ?"

"నాలుగు రకాల మాల్ట్, రెండు రకాల హాప్స్. పోటీ ఫారంలో రాశాను, చదువుకోండి."

"చదివాను. స్ప్రూస్ ఎక్కడా లేదే?"

"స్ప్రూసా?" నవ్వాడు. "అలాంటి నాటుపనులు నేను చెయ్యను."

"మరి స్టాన్‌కి మీ సీసాలో ఆ వాసన ఎలా వచ్చింది?"

నవ్వు సగంలో ఆగిపోయింది. అప్పుడే బయట కారు ఆగింది. ఇందాక నేను తలుపు తట్టినప్పుడే ఈయన కర్టిస్‌కి ఫోను చేసినట్టున్నాడు.

"బయటికి నడవండి ఒడెట్ గారూ," అన్నాడు కర్టిస్ వస్తూనే. "సాక్షుల్ని బెదిరిస్తే మీ లైసెన్సు ఊడుతుంది."

"ఊడనీ. రెండు నిమిషాలు నోరు మూసుకుని విను, తరవాత నా లైసెన్సు నువ్వే చింపు." మార్కుల కాగితాలు వాడి ఛాతీకి ఆనించాను. "ఆర్లీన్ ఫ్రీజరులో చిగుళ్ళు నీ కళ్ళతో చూశావు. ఇది చదువు. తరవాత ఆ బల్ల మీది మూత మిషను చూడు. నిలువు పిడిది. దాంతో మూత వేస్తే చదునుగా ఉంటుంది. ఈయన బీరు పీపాలో పొంగుతుంది, అక్కణ్ణించి సీసాలో పడుతుంది. అందుకే మడ్డి ఉండదు."

కర్టిస్ చదివాడు. రెండుసార్లు చదివాడు. తరవాత వెళ్ళి ఆ మిషనుతో ఖాళీ సీసాకి మూత బిగించి, వేలితో తడిమి చూశాడు. వాడిలో నేను నేర్పిన కుర్రాడు ఇంకా ఎక్కడో ఉన్నాడని నాకు ఆ క్షణంలో తెలిసింది.

"రబ్బరు బ్యాండ్లు మార్చారా?" అన్నాడు డ్వేన్‌తో.

"లాయర్ లేకుండా మాట్లాడను."

"మాట్లాడకండి," అన్నాను. "నేనే మాట్లాడతా. ఈసారి మీ బీరు చెడింది. పలచగా, తియ్యగా వచ్చింది. మూడేళ్ళ పేరు పోతుందని భయపడి, పైకి వెక్కిరించినా ఆవిడ బీరు బాగుంటుందని మీకు తెలుసు కనక, ఆవిడ సీసాలకి మీ నంబరూ, మీ సీసాలకి ఆవిడ నంబరూ తగిలించారు. ఆవిడ పన్నెండు డాలర్ల బకెట్ బీరుతో మీరు బహుమతి కొట్టారు. అక్కడితో ఆగితే దొంగతనమే. కానీ స్టాన్ తాగింది మీ బీరు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అరిచాడు డ్వేన్. "బ్యాండ్లు మార్చాను, నిజమే. సిగ్గుపడుతున్నాను. కానీ విషం నేను కలపలేదు. స్టాన్ ఇంట్లో ఇంకేం తాగాడో నాకేం తెలుసు? నా బీరు బాగాలేదు, అంతే. బాగాలేకపోతే మనుషులు చస్తారా?"

అబద్ధంలా అనిపించలేదు. ముప్పై ఏళ్ళు అబద్ధాలు విన్న చెవులు ఇవి. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. ఎందుకంటే తనేం చేశాడో ఈ మనిషికే తెలీదు.

"పులిసేటప్పుడు బీరుని చల్లగా ఎలా ఉంచుతారు?"

"అదిగో, ఆ మిషను. చల్లటి ద్రవం స్టీలు గొట్టపు చుట్టల్లో తిరుగుతుంది. చుట్టలు పీపాలో మునిగుంటాయి. ద్రవం బీరుకి తగలదు."

"ఏం ద్రవం?"

"గ్లైకాల్. తిండి పదార్థాలకి వాడే రకం, దానివల్ల ఏ హానీ లేదు."

మిషను మూత తీశాను. లోపల ద్రవం సగం కంటే తక్కువుంది. లేత ఆకుపచ్చ రంగు.

"ఇది తగ్గుతోందా?"

"జనవరిలో రెండుసార్లు నింపాను. ఆవిరవుతోందనుకున్నా. కొనుక్కున్నది అయిపోతే, మా మామగారి గ్యారేజీ ఖాళీ చేసినప్పుడు దొరికిన పాత డబ్బాలోది పోశాను. లేబులు చిరిగింది గానీ గ్లైకాల్ అని రాసుంది. ఏదైతేనేం, గ్లైకాల్ గ్లైకాలే కదా."

కర్టిస్ బల్ల కింద నించి ఆ డబ్బా తీశాడు. చిరిగిన లేబులు మీద సగం కారు బొమ్మ ఉంది. కారు యాంటీఫ్రీజ్ కూడా గ్లైకాలే, కాకపోతే విషం రకం; ఇప్పటివాటిలో ఎవరూ తాగకుండా చేదు కలుపుతారు. ఇది అంతకు ముందటిది, ఉత్త తీపి. నల్ల బీరులో ఆకుపచ్చ ఎవరికి కనపడుతుంది?

"డ్వేన్ గారూ, పీపాలో ఎంత పోశారు, ఎంత వచ్చింది?"

డ్వేన్ వేళ్ళు మడిచి లెక్కవేసుకున్నాడు. "ఐదు గేలన్లు పోశాను. దాదాపు ఆరు వచ్చింది. కొలత తప్పాననుకున్నా."

కర్టిస్ స్టీలు చుట్టని పీపాలోంచి పైకి లాగి, ఒక కొస వేలితో మూసి రెండో కొస నించి గాలి ఊదాడు. మూడో మెలిక దగ్గర అతుకులోంచి సన్నగా ఈల వచ్చింది.

 ఆర్లీన్ బయటపడింది అనుకున్నాను, ఒక్క నిమిషం సంతోషం కూడా వేసింది. తరవాత లెక్క గుర్తొచ్చింది. ఆరు గేలన్లలో పోటీకి పోయింది రెండు సీసాలు.

"మిగతాది ఎక్కడుంది?"

డ్వేన్ గోడ గడియారం వంక చూశాడు. "మొదటి బహుమతి వచ్చినవాడు ఒక పీపా వెటరన్స్ హాలుకివ్వాలి. శుక్రవారం చేపల విందులో ఊరందరికీ పోస్తారు. ఆవిడ బీరు నా దగ్గర ఎక్కడుంది? నాదే పంపాను. వేయించిన చేపతో ఏదైనా దిగిపోతుందనుకున్నా. నాలుగున్నరకి తెరుస్తారు."

నాలుగూ ముప్పై మూడు.

కర్టిస్ రేడియోలో అంబులెన్సులు అడుగుతున్నాడు. నేను హాలు వంటగదికి ఫోను చేశాను. ఏడోసారి మోగాక ఆర్లీన్ ఎత్తింది. వెనక నూనె చిటపటలు, జనం గోల.

"ఆర్లీన్, విను. డ్వేన్ పీపా తెరిచారా?"

"ఇప్పుడే. కార్లా పోస్తోంది, డ్వేన్ వాళ్ళావిడ. నన్ను చూసి అందరికీ వినపడేలా, ఇది కిట్ బీరు కాదు, భయపడకుండా తాగండి అంటోంది."

"యాంటీఫ్రీజ్ అందులో ఉంది. ఆపించు."

 ఆవిడ ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. విషం పెట్టిందని ఊరంతా నమ్ముతున్న మనిషి, గెలిచినవాడి పీపా మీద చెయ్యి వేస్తే ఏమంటారు? కుళ్ళుబోతు, పిచ్చిది అంటారు. సాయంత్రానికి అదొక సాక్ష్యం కూడా అవుతుంది.

"ఎవరూ నమ్మరు ఒడెట్," అంది. తరవాత, "నమ్మకపోతే పోనీ," అంది. స్పీకరు నొక్కి ఫోనుని వడ్డించే బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే నలభై మంది పిల్లల్ని నోరు మూయించే గొంతు: "ఎవరూ గుటక వెయ్యకండి. గ్లాసులు కింద పెట్టండి." ఏదో బరువైనది నేల మీద పడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. "పట్టుకోండి ఆవిణ్ణి," అని ఎవరో అరుస్తున్నారు.

కర్టిస్ రేడియోలోంచి కబురు వచ్చింది: ఆర్లీన్ కివెలా హాల్లో బీరు పీపా దొర్లించేసింది, గ్లాసులు లాక్కుంటోంది, నలుగురు పట్టుకున్నారు, అరెస్టు చెయ్యమంటారా?

"ఆవిడ మీద చెయ్యి వేసినవాణ్ణి అరెస్టు చెయ్యి," అన్నాడు కర్టిస్.

నేను ఫోను స్పీకరు మీద పెట్టి డ్వేన్ నోటి దగ్గర పట్టుకున్నాను. "ఆవిడ మాట నమ్మరు. మీ మాట నమ్ముతారు. చెప్పండి."

అతను కర్టిస్‌ని చూశాడు, ఆ చిరిగిన లేబులు డబ్బాని చూశాడు. చెబితే ఇక ఏ లాయరూ వెనక్కి తీసుకోలేడని అతనికి తెలుసు. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకున్నాను.

"కార్లా," అని గట్టిగా పిలిచాడు. "నేను డ్వేన్‌ని. అందరూ వినండి. ఆ బీరులో విషం ఉంది. అది నా బీరు. స్టాన్ తాగింది కూడా నాదే. బహుమతి వచ్చింది ఆర్లీన్ పోర్టర్‌కి, సీసాలు నేను మార్చాను. ఆవిణ్ణి వదిలెయ్యండి. కార్లా, గ్లాసులన్నీ వెనక్కి తీసుకో. వింటున్నావా?"

 నూనె చిటపట ఒక్కటే వినిపిస్తోంది. ఎవరో ఫోను అందుకున్నారు. ఆయాసపడుతున్న ఆ గొంతు కార్లాది కాదు.

"పదకొండు గ్లాసులు పోశారు డ్వేన్. పది నా దగ్గరున్నాయి," అంది ఆర్లీన్. "పదకొండోది కార్లా నన్ను ఉడికించడానికి నా ఎదురుగా నిలబడి గడగడా తాగేసింది. అంబులెన్సు కోసం ఆగకుండా ఆవిణ్ణి నా కారులో ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. నువ్వు డాక్టరుకి ఫోను చేసి, ఎంత పోశావో సరిగ్గా చెప్పు."